రెండు నెట్‌వర్క్ కార్డులున్న లినక్స్ సర్వర్: విడి ఐపీలా, యాక్టివ్-బ్యాకప్పా, ఎల్‌ఏసీపీయా?

సర్వర్ వెనక రెండు గిగాబిట్ పోర్టులు కనబడగానే చాలామంది రెండింటికీ కేబుళ్లు గుచ్చి 192.168.10.11, 192.168.10.12 అని చెరో ఐపీ ఇచ్చేస్తారు. పింగ్ చేస్తే రెండూ పలుకుతాయి, పనైపోయిందనిపిస్తుంది. నిజానికి ఈ ఏర్పాటు రెంటికీ చెడ్డ రేవడే. స్పీడు పెరగదు, ఒక కార్డు పోతే రెండోది ఆదుకుంటుందన్న భరోసా కూడా లేదు.

లినక్స్ లెక్కలో ఐపీ అడ్రస్ కార్డుది కాదు, మొత్తం మెషీన్‌ది. అందుకే '.12 ఎవరు?' అని ఆర్ప్ (ఐపీని బట్టి కార్డు మ్యాక్ అడ్రస్, అంటే హార్డ్‌వేర్ నంబరు, కనుక్కునే పద్ధతి) అడిగితే మొదటి కార్డు కూడా తన మ్యాక్ అడ్రస్ చెప్పేస్తుంది. దీన్ని ఆర్ప్ ఫ్లక్స్ అంటారు. పైగా ఏ ఐపీకి వచ్చిన ట్రాఫిక్కైనా జవాబు రౌటింగ్ టేబుల్‌లో ముందున్న కార్డులోంచే పోతుంది. ప్యాకెట్ వచ్చిన కార్డూ, దాని జవాబు పోయే కార్డూ ఒకటేనా అని చూసే రివర్స్ పాత్ ఫిల్టర్ స్ట్రిక్ట్‌గా ఉంటే కొన్ని ప్యాకెట్లు చడీచప్పుడు లేకుండా రాలిపోతాయి. కెర్నల్ సెట్టింగుల్లో ఆర్ప్ ఇగ్నోర్ 1, ఆర్ప్ ఎనౌన్స్ 2 పెట్టి, కార్డుకో రౌటింగ్ టేబుల్ రాసి దీన్ని నడిపించొచ్చు. మీ తర్వాత ఆ సర్వర్ చూసుకునేవాళ్లు మాత్రం మిమ్మల్ని తిట్టుకుంటారు.

సబ్‌నెట్‌లు వేరైతే సంగతి వేరు. ఒక కార్డు ఆఫీసు నెట్‌వర్క్‌కి, ఇంకోటి స్టోరేజ్‌కి అయితే విడి ఐపీలే సరైనవి. డీఫాల్ట్ గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌లకి దారిచ్చే రౌటర్) మాత్రం ఒక్కదానికే ఇవ్వండి. నెట్‌వర్క్ మీద డిస్కులు వాడుకునే ఐస్కసీకి రెండు దారులు కావాలన్నా బాండింగ్ (రెండు కార్డుల్ని ఒక్కటిగా కలపడం) కన్నా మల్టీపాతే (రెండు దారుల్నీ స్టోరేజ్ సాఫ్ట్‌వేరే చూసుకోవడం) మేలు.

ఒకే నెట్‌వర్క్‌లో రెండు కార్డులైతే నా ఓటు బాండింగ్‌కే. అందులోనూ ముందు మోడ్ 1, అంటే యాక్టివ్-బ్యాకప్. ఒక కార్డు పనిచేస్తుంది, రెండోది కాచుకుని ఉంటుంది. స్విచ్‌లో ఏమీ మార్చక్కర్లేదు, రెండు కేబుళ్లూ రెండు వేర్వేరు స్విచ్‌లకి పెట్టొచ్చు. కేబుల్ పోయిందో లేదో చూసే ఎంఐఐమాన్ విలువ 100 మిల్లీసెకన్లని మీరే రాసేయండి, చాలాకాలం దాని డీఫాల్ట్ సున్నా, అంటే అసలు చూడనట్టే. అయితే అది స్విచ్ దాకా ఉన్న కేబుల్‌నే చూస్తుంది. స్విచ్ నుంచి మిగతా నెట్‌వర్క్‌కి పోయే అప్‌లింక్ తెగితే దానికి తెలీదు. ఆ భయముంటే దాని బదులు గేట్‌వేని టార్గెట్‌గా పెట్టి ఆర్ప్ మానిటరింగ్ వాడాలి. ఈ సౌకర్యం కింద చెప్పబోయే ఎల్‌ఏసీపీలో లేదు.

మోడ్ 4, అంటే స్విచ్‌తో మాట్లాడుకుని కేబుళ్లని కలిపే ఎల్‌ఏసీపీ, రెండు కార్డుల్నీ ఒకేసారి వాడుతుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. టోల్‌గేట్‌లో రెండు లైన్లున్నా ఒక లారీ ఒక్క లైన్లోంచే పోయినట్టు, ఒక కనెక్షన్ ఒక్క కేబుల్ మీదే నడుస్తుంది. రాత్రిపూట ఒకే పెద్ద బ్యాకప్ కాపీ చేసే సర్వర్‌కి ఎల్‌ఏసీపీ వేసి లాభం లేదు, ఆ డబ్బు 10 గిగాబిట్ కార్డు మీద పెట్టండి. ముప్పై నలభై మంది వాడే ఫైల్ సర్వర్‌కైతే తేడా తెలుస్తుంది.

అక్కడ కూడా ఏ ట్రాఫిక్ ఏ కేబుల్ మీద పోవాలో తేల్చే ట్రాన్స్‌మిట్ హ్యాష్ పాలసీ చూసుకోవాలి. డీఫాల్ట్ లేయర్ 2, అంటే మ్యాక్‌ని బట్టి పంచుతుంది. క్లయింట్లంతా రౌటర్ అవతల ఉంటే జవాబులన్నీ గేట్‌వే మ్యాక్‌కే పోతాయి కాబట్టి లోడంతా ఒకే కేబుల్ మీద పడుతుంది. లేయర్ 3+4 పెడితే ఐపీ, పోర్టుల్ని బట్టి విడిపోతుంది. లోపలికి వచ్చే ట్రాఫిక్ పంపకం మాత్రం స్విచ్ చేతిలోనే ఉంటుంది. స్విచ్‌కి ఎల్‌ఏసీపీ రావాలి. రెండు స్విచ్‌లకి పెట్టాలంటే అవి రెండూ ఒకే స్విచ్‌లా కనబడే స్టాక్ అయినా, ఎంలాగ్ జత అయినా అయి ఉండాలి.

మోడ్ 0 జోలికి వెళ్లకండి, ప్యాకెట్లు వరస తప్పి టీసీపీని సతాయిస్తాయి. మోడ్ రాయడం మర్చిపోతే డ్రైవర్ తీసుకునేది అదే!

ఏది ఎంచుకున్నా కన్సోల్ దగ్గరుండగానే చెయ్యండి. ఉబుంటులో నెట్‌ప్లాన్ ట్రై (కొత్త సెట్టింగుల్ని పరీక్షగా పెట్టే కమాండ్) మనం ఓకే అనకపోతే రెండు నిమిషాల్లో పాత సెట్టింగులు తెచ్చిపెడుతుందన్న ధీమా బాండ్ల విషయంలో పనికిరాదు. బాండ్ పారామీటర్లని అది వెనక్కి తిప్పలేదు. బాండ్ లేచాక పింగ్ నడుస్తుండగా కేబుళ్లు ఒక్కొక్కటే పీకి చూడండి, సర్వర్‌ని ప్రొడక్షన్‌లో పెట్టకముందే.