సువా నుంచి ఫునాఫుటికి: 1,060 కిలోమీటర్ల దారికి అసలు పట్టే సమయం

ఉద్యోగరీత్యా ఫిజీ రాజధాని సువాలో ఉంటూ కొన్నేళ్లుగా పసిఫిక్ ద్వీపదేశం టువాలు రాజధాని ఫునాఫుటికి విమానంలో వెళ్లివస్తున్నాను. ఈ దారిలో కొత్తగా బయలుదేరేవారు ముందుగా చూసేది ఇంటర్నెట్‌లో దూరం, సమయం లెక్కించి చూపే సైట్లనే కాబట్టి, ఆ అంకెలు ఎంతవరకు పనికొస్తాయో నా అనుభవం మీద చెబుతాను.

దూరం విషయంలో వాటిని తప్పుపట్టలేము. సువా సమీపంలోని నౌసోరి విమానాశ్రయం నుంచి ఫునాఫుటికి సుమారు 1,060 కిలోమీటర్లు. దారి ఇంచుమించు నేరుగా ఉత్తరానికి సాగుతుంది. అంతర్జాతీయ దినరేఖ చేరువలోనే ఉన్నా రెండు చోట్లా సమయం ఒకటే కనుక గడియారం మార్చే పని లేదు.

సమయం దగ్గరే లెక్క తప్పుతుంది. గంటకు 800 కిలోమీటర్ల జెట్ వేగం అనుకుని, ఎక్కడానికీ దిగడానికీ మరో అరగంట కలిపే సైట్లు గంటా యాభై నిమిషాలు అని చూపిస్తాయి. ఇక్కడ నడిచేది ఏటీఆర్ 72 అనే ప్రొపెల్లర్ విమానం. దాని వేగం గంటకు 500 కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది కనుక రెండుంపావు నుంచి రెండున్నర గంటలు పడుతుంది. 1943లో అమెరికా సైన్యం వేసిన ఫునాఫుటి రన్‌వే పొడవు ఒకటిన్నర కిలోమీటరే, వచ్చే ప్రయాణికులూ తక్కువే; అందువల్ల ఈ మార్గానికి ఇలాంటి విమానమే సరిపోతుంది.

దిగేటప్పుడు కిటికీ పక్క సీటు దొరికితే మంచిది. ఒకవైపు మహాసముద్రం, మరోవైపు సముద్రపు మడుగు (లగూన్), నడుమ సన్నటి నేలపట్టీలో దాదాపు రన్‌వే ఒక్కటే ఉన్నట్టు కనిపిస్తుంది. విమానం వచ్చే ముందు సైరన్ మోగించి అక్కడున్న మనుషులనూ మోటార్‌సైకిళ్లనూ పక్కకు పంపిస్తారు. సాయంత్రమైతే అదే రన్‌వే మీద పిల్లలూ పెద్దలూ వాలీబాల్, ఫుట్‌బాల్ ఆడుకుంటారు. ఇమిగ్రేషన్ ముగిశాక ప్రభుత్వ కార్యాలయాలకు నడిచే వెళ్లవచ్చు, కాబట్టి టాక్సీ కోసం వేరే సమయం కలుపుకోనక్కరలేదు.

ఇక ఏ సైటూ చూపని అసలు లెక్క, ఒక విమానానికీ తర్వాతి విమానానికీ మధ్య ఉండే రోజులు. సర్వీసులు రోజూ ఉండవు. వాతావరణం బాగోలేక ఒకటి రద్దయిందంటే రెండున్నర గంటల ప్రయాణం కాస్తా రెండు మూడు రోజులవుతుంది. నాకు అలా అయినప్పుడు సువాలో గది అద్దె నేనే కట్టుకోవలసి వచ్చింది. పైగా దగ్గరలో ప్రత్యామ్నాయ విమానాశ్రయం లేని ఇలాంటి చోటికి ఇంధనం ఎక్కువ మోసుకెళ్లాలి కనుక సామాను బరువు మీద పట్టింపు ఎక్కువ. ఒకసారి నా పెట్టె నాతో రాలేదు, తర్వాతి విమానంలో వచ్చింది. అప్పటినుంచి మందులు, కాగితాలు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే పెట్టుకుంటున్నాను. ఓడ ఉంది కదా అంటారు కొందరు. అది మూడు నాలుగు రోజుల సముద్రయానం, అదీ బయలుదేరినప్పటి మాట.

హైదరాబాద్ నుంచి సింగపూర్, నాందీల మీదుగా వచ్చేవారు ఇంకో సంగతి గమనించాలి. అంతర్జాతీయ విమానాలు ఎక్కువగా దిగే నాందీ, సువా ఉన్న దీవికే పడమటి కొసన ఉంది. అక్కడినుంచి సువాకు రోడ్డు మీద దాదాపు నాలుగు గంటలు, చిన్న విమానంలో అరగంట పడుతుంది. ఫునాఫుటి విమానానికి ముందురోజు రాత్రికే సువా చేరుకోండి. తిరుగు ప్రయాణంలోనైతే నాందీ నుంచి ఎక్కవలసిన విమానానికి కనీసం రెండు రోజుల వ్యవధి ఉంచి టికెట్ కొనండి.