ఎల్.బి.ఎస్.సి. ‘టిచ్’: పాత ఆవిరి ఇంజను కొని బాగుచేసుకోదలచినవారి కోసం ఒక సమీక్ష

చేత్తో కట్టిన నమూనా ఆవిరి ఇంజన్లను సేకరించి బాగుచేసే సరదా ఉన్నవాళ్ళు బ్రిటన్‌లో ఏ నలుగురు కలిసినా మాటల్లో ‘టిచ్’ ప్రస్తావన రాకుండా ఉండదు. మూడున్నర అంగుళాల గేజి మీద, అంటే 89 మిల్లీమీటర్ల ఎడం ఉన్న పట్టాల మీద నడిచే నాలుగు చక్రాల చిన్న ట్యాంకు ఇంజను అది, అంటే నీటి తొట్లను తన ఒంటి మీదే మోసుకుపోయే రైలింజను. ఎల్.బి.ఎస్.సి. అనే కలంపేరుతో రాసినాయన దాన్ని రూపొందించాడు. చూడడానికి బొమ్మలా ఉన్నా దానిలో మండేది నిజమైన బొగ్గు, దాన్ని నడిపేది నిజమైన ఆవిరి. వెనక తగిలించిన బల్లబండి మీద కూర్చున్న పెద్దమనిషిని అది లాక్కుపోతుంది. ఇంగ్లండులో ఉంటున్న నేను అటువంటి పాత ఇంజను ఒకటి కొని, మేకు మేకూ విప్పి, శుభ్రపరచి, మళ్ళీ ఆవిరి పట్టించాను. ఇలాంటిది కొనాలని చూస్తున్న తెలుగువారికి పనికొస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

టిచ్ ఏ కర్మాగారంలోనూ తయారై పెట్టెలో వచ్చే సరుకు కాదు. దానికి ఉన్నవి నక్షాలు, కట్టే పద్ధతిని వివరించిన వ్యాసాలు, వాటికి సరిపడే పోత భాగాలు మాత్రమే. చక్రాలు, సిలిండర్లు వంటి వాటిని పోతగా కొనుక్కుని, రాగి రేకూ ఉక్కు పలకా విడిగా తెచ్చుకుని, ఎవరికి వారు తమ పెరటి షెడ్డులో లేత్ మీద తిప్పుకుని కట్టినవే ఈ ఇంజన్లన్నీ. అందుచేత రెండు టిచ్‌లు ఒకేలా ఉండవు. కొనేవాడు రూపకల్పన ఎలా ఉందని మాత్రమే చూస్తే చాలదు; కట్టిన చెయ్యి ఎటువంటిదో, ఆ తర్వాత ఇన్నేళ్ళూ దాన్ని ఎలా ఉంచారో కూడా చూడాలి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: రూపకల్పన అద్భుతమైనది, మొదటిసారి ఇంజను బాగుచేసేవారికి ఇంతకంటే అనువైనది నాకు కనబడలేదు, అయితే బాయిలరు సరిగా లేని టిచ్‌ను మాత్రం ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకూడదు.

దీన్ని రూపొందించిన ఎల్.బి.ఎస్.సి.ని లారెన్స్ అనే పేరుతో ఎరుగుదురు, మిత్రులకు ‘కర్లీ’. తాను పనిచేసిన లండన్, బ్రైటన్ అండ్ సౌత్ కోస్ట్ రైల్వే పేరులోని పొడి అక్షరాలనే కలంపేరుగా పెట్టుకున్నాడు. 1898లో మొదలైన ‘మోడల్ ఇంజనీర్’ పత్రికలో దశాబ్దాలపాటు రాశాడు, 1967లో కన్నుమూశాడు. 1920లలో అతను ఆ రంగంలో ఒక పెద్ద వాదానికి కారకుడయ్యాడు. అప్పటిదాకా చిన్న ఇంజన్లకు స్పిరిటు దీపాలే తగినవని పేరున్న నిపుణులు నమ్మేవారు. అసలు ఇంజన్లలాగే లోపల బొగ్గు మండే నిప్పుపెట్టె, గొట్టాలు ఉన్న బాయిలరు పెట్టి బొగ్గు వేస్తే చిన్న ఇంజను కూడా మనిషిని లాగుతుందని అతను వాదించి, రెండున్నర అంగుళాల గేజి మీద నడిచే ‘అయేషా’ అనే తన ఇంజనుతో ఆ మాట నిజమని చూపించాడు. 1940ల చివర్లో వచ్చిన టిచ్ ఆ నమ్మకాన్ని కొత్తవాళ్ళ చేతికి అందించడానికి పుట్టింది. ఇంట్లో చిన్న లేత్ ఉండి, అంతకు మునుపు ఏమీ కట్టని మనిషిని దృష్టిలో పెట్టుకుని, ఏ పని తర్వాత ఏ పని చెయ్యాలో విడమరిచి రాశాడు. బాగుచేసేవారికి దీనివల్ల కలిగే మేలు ఇంతా అంతా కాదు, ఎందుకంటే అతను చెప్పిన క్రమంలో బిగించిన ఇంజను అదే క్రమంలో వెనక్కి విడిపోతుంది. దేన్నీ విరగ్గొట్టకుండా ఫ్రేముల దాకా రావచ్చు.

టిచ్‌లో చిన్న బాయిలరుదీ పెద్ద బాయిలరుదీ అని రెండు రకాలున్నాయి. వాల్వులను కదిలించే యంత్రాంగంలోనూ రెండు దారులున్నాయి: తేలికైన స్లిప్ ఎక్సెంట్రిక్ పద్ధతి ఒకటి, అసలు ఇంజన్లకు ఉండే వాల్షార్ట్స్ గేరు మరొకటి. మొదటిదాంట్లో ఇంజను వెనక్కి నడవాలంటే దాన్ని చేత్తో కొంచెం వెనక్కి తొయ్యాలి. అప్పుడు ఎక్సెంట్రిక్, అంటే ఇరుసు మీద నడిమి తప్పించి బిగించిన బిళ్ళ, జారి అటువైపు కుదురుకుంటుంది. రెండోదాంట్లో క్యాబులోని లీవరు చాలు. కదిలే కీళ్ళు ఎక్కువ కాబట్టి వాల్షార్ట్స్‌లో అరిగే చోట్లూ ఎక్కువే, కానీ చక్రాల పక్కన ఆ కడ్డీలు ఊగుతుంటే కలిగే ఆనందం వేరు. బిట్రగుంట లోకోషెడ్ పరిసరాల్లో పెరిగినవారికి ఆ మాట నేను విడమరిచి చెప్పనక్కర్లేదు. బాయిలరు విషయంలో మాత్రం నాకు సందేహం లేదు: దొరికితే పెద్ద బాయిలరుదే తీసుకోవాలి. కారణం ఇంజను నడిపే సంగతి దగ్గర చెబుతాను.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది బాయిలరు పరిస్థితి. టిచ్ బాయిలరు పూర్తిగా రాగిదే, వెండి టంకంతో అతికినది. పనిచేసే ఒత్తిడి చదరపు అంగుళానికి 80 పౌండ్లు. అమ్మేవారు ‘ఒకప్పుడు చక్కగా నడిచేది’ అనడం మామూలే. ఆ మాటకు విలువ లేదు. బాయిలరును గాలి బుడగ లేకుండా నీటితో నిండా నింపి, చేతిపంపుతో ఒత్తిడి ఎక్కించి చూడాలి. కొత్తగా కట్టినదైతే పనిచేసే ఒత్తిడికి రెండింతలకు, అంటే 160కి, ఆ తర్వాత జరిగే పరీక్షల్లో ఒకటిన్నర రెట్లకు, అంటే 120కి ఎక్కించడం ఇక్కడి ఆనవాయితీ. నీరు దాదాపుగా నొక్కుకుపోదు కనుక ఎక్కడైనా అతుకు ఊడినా ప్రెజర్ గేజి ముల్లు గభాల్న కిందికి పడిపోతుందే తప్ప పేలుడు జరగదు. అదే పరీక్ష గాలితో చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. నమూనా ఇంజన్ల సంఘాల్లో ఈ పరీక్ష చేసి పత్రం ఇచ్చే అనుభవజ్ఞులు ఉంటారు. ఆ పత్రం లేనిదే సంఘం పట్టాల మీద ఇంజనును నడవనివ్వరు, బీమా కూడా వర్తించదు. పాత పత్రాలు వరసగా ఉన్న ఇంజనుకు కొంత ఎక్కువ పెట్టడం న్యాయమే.

పరీక్షలో ఎక్కడ చెమర్చిందన్నది చూసుకుని నిర్ణయం తీసుకోవాలి. ఫిట్టింగుల మరల దగ్గర బొట్లు కారితే దాన్ని పట్టించుకోనక్కర్లేదు, విప్పి సరిచేస్తే పోతుంది. నిప్పుపెట్టె గోడనూ బయటి పెంకునూ కలిపి పట్టి ఉంచే రాగి మేకులుంటాయి, వాటిని స్టేలంటారు. ఆ స్టేల తలల చుట్టూ చెమట పడితే మాత్రం ఆగి ఆలోచించాలి. ఆనాటి పద్ధతిలో స్టేలను మరలతో బిగించి, సందులు పూడడానికి పైన సీసం, తగరం కలిసిన మెత్తటి టంకం పూసేవారు. తర్వాత్తర్వాత సుమారు 300 డిగ్రీల దాకా కరగని కామ్‌సాల్ అనే టంకం వాడారు. ఇలాంటి బాయిలరుకు కన్నం పడ్డప్పుడు వెండి టంకంతో అతుకుదామని చూస్తే పని చెడుతుంది. వెండి టంకానికి 600 డిగ్రీల పైన వేడి కావాలి; ఆ వేడికి లోపల మిగిలిన సీసం పారి రాగిని తినేస్తుంది, వెండి టంకం ఆ చోట పట్టుకోదు. మెత్తటి టంకాన్ని ఆఖరి చుక్క దాకా తొలగించడం దాదాపు అసాధ్యం. అందుకని మెత్తటి టంకం కనబడిన చోట మళ్ళీ ఆ రకంతోనే సరిపెట్టుకోవాలి, లేదా కొత్త బాయిలరుకు సిద్ధపడాలి. రాగి ధరలు ఇప్పుడున్న తీరులో కొత్త బాయిలరు ఖర్చు పాత ఇంజను మొత్తం వెలను సులువుగా దాటిపోతుంది. బాయిలరు బాగాలేనిది వద్దని మొదట్లోనే చెప్పడానికి కారణం ఇదే.

దీనికి మరో జాగ్రత్త చేర్చాలి. 2011 చివర్లో ఐరోపాలో నిషేధం వచ్చేవరకూ మామూలుగా వాడిన వెండి టంకాల్లో కాడ్మియం ఉండేది. పాత అతుకును మళ్ళీ ఎర్రగా కాలిస్తే వచ్చే పొగ ఊపిరితిత్తులకు విషం. పాత బాయిలరు మీద మంట పెట్టాల్సి వస్తే ఆ పని తెలిసినవారికే వదిలెయ్యాలని నా గట్టి అభిప్రాయం. నేను కొన్న ఇంజను బాయిలరు అదృష్టవశాత్తూ పరీక్షలో ఎక్కడా చెమర్చలేదు. లోపల పేరుకున్న సున్నపు పొరను గోరువెచ్చని నీటిలో నిమ్మ ఉప్పు కలిపి నానబెట్టి కరిగించి, చాలాసార్లు కడిగితే సరిపోయింది.

బాయిలరు గండం గడిచాక మిగిలినదంతా ఓపికా సంతోషమూ కలిసిన పని. సిలిండర్ల మీది ఆవిరి పెట్టె మూత తీస్తే లోపల చదునైన గన్‌మెటల్ (ఒక రకం కంచు) ముఖం, దాని మీద పక్కపక్కన మూడు కంతలు కనబడతాయి. ఆ మూడింటిలో అటూ ఇటూ ఉన్నవి ఆవిరి లోపలికి పోయేవి, నడుమ ఉన్న వెడల్పాటిది వాడిన ఆవిరి బయటికి వెళ్ళేది. వీటి మీద జారే వాల్వు అడుగున, నేను విప్పిన ఇంజనులో, జారే దిశ పొడుగునా సన్నటి గీతలు పడి ఉన్నాయి. నూనె చాలకపోతే పడే గీతలవి. వాటిలోంచి ఆవిరి తప్పించుకుని నేరుగా పొగగొట్టంలోకి పోతుంది కనుక ఇంజను ఉస్సురంటుందే తప్ప లాగదు. మందపాటి గాజుపలక మీద నున్నటి ఎమెరీ కాగితం పరిచి, నూనె చుక్క వేసి, వాల్వును ఇంగ్లీషు ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ పోతే గీతలు తగ్గుతూ వచ్చి చివరికి ముఖమంతా ఒకే మసక బూడిదరంగుకు వస్తుంది. ఆ పిమ్మట కిరోసిన్‌తో కడగడంలో బద్ధకించకూడదు. గన్‌మెటల్ మెత్తనిది కాబట్టి ఎమెరీ పొడి అందులో దిగబడితే వాల్వు మళ్ళీ గీసుకుపోతుంది. పిస్టన్ల చుట్టూ చుట్టిన గ్రాఫైటు పురి గట్టిపడి ఉంటుంది, కొత్తది చుట్టాలి. దీనికి పెద్ద ఖర్చు లేదు.

చక్రాలు దించినప్పుడు ఇరుసు కొసను పట్టి ఉంచే ప్రతి యాక్సిల్‌బాక్సు మీదా, అది కూర్చునే ఫ్రేము అంచు మీదా సెంటర్‌పంచితో కొట్టిన చుక్కలు కనిపించాయి: ఒకదానికి ఒకటి, రెండోదానికి రెండు, అలా నాలుగు దాకా. ఏది ఎక్కడ కూర్చోవాలో కట్టినవాడు తన కోసం పెట్టుకున్న గుర్తులవి. ఆకురాయితో ఒక్కొక్కదాన్ని దాని చోటికి తగ్గట్టు రాస్తూ పోయాడు కనుక వాటిని మారిస్తే బిగుసుకుపోతాయి. ఇటువంటి గుర్తులు, ఫ్రేముల మీద నక్షా ప్రకారం గీసుకున్న సన్నటి గీతలు, రంగు వేసిన చేతి తీరు, ఇవన్నీ ఆ ఇంజనులో భాగమేనని నేను భావిస్తాను. మెరుగుపెట్టే చక్రం మీద పెట్టి అన్నిటినీ అద్దంలా చేసి, పాత రంగు గీకించి కొత్త రంగు వేయించి అమ్మే పద్ధతి ఈమధ్య బాగా పెరిగింది. నాకది నచ్చదు. నడవడానికి అడ్డొచ్చేదాన్ని మార్చాలి. నడవడానికి అడ్డురానిదాన్ని ఉన్నదున్నట్టు ఉంచాలి. ట్యాంకుల మీద కట్టినవాడు చేత్తో లాగిన పసుపు గీత ఒక మూల కొంచెం లావైనా నేను దాన్ని అలాగే వదిలేశాను.

నడిపే విషయానికి వస్తే, మొదట కిరోసిన్‌లో నానిన కట్టెబొగ్గు ముక్కలు వేసి, పొగగొట్టం మీద చిన్న విద్యుత్ ఫ్యాను కూర్చోబెట్టి గాలి లాగించాలి. కాస్త ఒత్తిడి పుట్టగానే ఫ్యాను తీసి, ఇంజను తన ఆవిరితోనే గాలి లాక్కునేట్టు బ్లోయరు తెరిచి, ఆ పైన రాతిబొగ్గు వెయ్యాలి. చిన్న బాయిలరు టిచ్‌లో నిప్పుపెట్టె మరీ ఇరుకు. బొగ్గు ముక్క శెనగగింజను మించితే గాలి ఆడదు. ఒక్క నిమిషం చూపు మరల్చినా మంట పలచబడి ముల్లు దిగుతుంది. చల్లటి నీళ్ళు పంపు చేస్తే ఇంకా దిగుతుంది. నీటిమట్టం గాజులోంచి కన్ను తియ్యడానికి లేదు, ఎందుకంటే నీరు నిప్పుపెట్టె కప్పు కంటే కిందికి జారితే బాయిలరు చెడిపోతుంది. దీన్ని లోపమనలేను, ఈ పరిమాణంలో కొలిమి తీరే అంత. కానీ సాయంత్రమంతా పిల్లలను ఎక్కించుకుని తిప్పుదామనుకునేవారికి ఇది చాలదు. పెద్ద బాయిలరుది చాలావరకు ఆ కష్టం తీరుస్తుంది. ఒకసారి మంట కుదిరి ఇంజను వేడెక్కాక, అంత చిన్న చక్రాలతో అది మనిషిని కదిల్చి పట్టుకుపోయే తీరు చూడవలసిందే.

విడిభాగాలకు లోటు లేదు. పోతలు, నక్షాలు, నీటిగాజులు, సేఫ్టీ వాల్వులు, ప్రెజర్ గేజులు ఇంగ్లండులో ఇప్పటికీ దొరుకుతాయి. అయితే కొలతలన్నీ అంగుళాల్లో, భిన్నాల్లో ఉంటాయి. చిన్న మరలు బి.ఏ. (బ్రిటిష్ అసోసియేషన్) అనే పాత బ్రిటిష్ ప్రమాణంలోవి, బాయిలరు ఫిట్టింగులవి అంగుళానికి 40 చుట్లున్న సన్న మరలు. వీటిని మెట్రిక్ మరలతో బలవంతంగా కలిపితే పాత పోత పాడవుతుంది. ఇంజనును ఇండియాకు తీసుకువెళ్ళాలనుకునేవారు ఈ మరలు కోసే ట్యాపులు, డైలు కూడా వెంట తీసుకువెళ్ళడం మంచిది. బాలానగర్‌లోనో రాణిగంజ్‌లోనో నైపుణ్యం ఉన్న టర్నర్ల సాయం దొరుకుతుంది, అయితే ఆ పనిముట్లు అక్కడ ఉంటాయని ఆశపడకూడదు. బాయిలరు పరీక్ష ఇక్కడే చేయించి, పత్రం తీసుకునే బయలుదేరాలి.

బొగ్గు గురించి కూడా ముందే ఆలోచించుకోవాలి. చిన్న ఇంజన్లకు ఎంతో పేరున్న వేల్స్ బొగ్గు, మెర్తిర్ టిడ్‌ఫిల్ దగ్గరి గని 2023 నవంబరులో మూతపడ్డాక దొరకడం కష్టమైంది. ఆంత్రసైటు నలుసులు వాడవచ్చు, పొగ తక్కువ, వేడి ఎక్కువ. అయితే అంటుకోవడానికి సమయం పడుతుంది, బ్లోయరు ఎప్పుడూ కొద్దిగా తెరిచే ఉంచాలి. పాత నిల్వలోంచి వేల్స్ బొగ్గు ఒక బస్తా ఇస్తానని ఇంజను అమ్మేవారే అంటే మొహమాటపడకుండా తీసుకోండి.