ఎకినేషియా చుట్టాల్ని వెతుక్కుంటూ: విజయనగరం నుంచి కళింగపట్నం దాకా

అమెరికాలో మిస్సోరీలో మా అమ్మాయి దగ్గరున్నప్పుడు, జూన్‌లో ఒక ఆదివారం ప్రెయిరీ, అంటే అక్కడి గడ్డిభూమి, చూపిస్తానని తీసుకెళ్లింది. నడుమెత్తు గడ్డి. ఆ గడ్డి మధ్య లేత గులాబీ పూలు, రేకులన్నీ కిందికి వాలిపోయి, నడిమధ్య ముళ్లముళ్లగా ఒక బుడిపె. అక్కడివాళ్లు కోన్‌ఫ్లవర్ అంటారు, శాస్త్రం పేరు ఎకినేషియా. గ్రీకులో ఒంటినిండా ముళ్లుండే చిన్న జంతువు పేరు మీదుగా వచ్చిందట. బుడిపెను వేలితో తడిమాక ఆ పేరు ఎందుకు పెట్టారో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ పూలను కోయకూడదు, గింజ కూడా ఏరకూడదు. మందుల కోసం వేర్లు తవ్వుకుపోయేవాళ్ల వల్ల, గడ్డిభూములు దున్నేయడం వల్ల సహజంగా పెరిగే ఈ మొక్కలు బాగా తగ్గిపోయాయి. టెన్నెసీలో దొరికే రకాన్ని 1979లో అంతరించే ప్రమాదమున్న మొక్కల జాబితాలో పెట్టారు. దాని నేలల్ని కాపాడి, కొత్తచోట్ల నాటి, 2011లో జాబితా నుంచి తీయగలిగారు. ఇది విన్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

ఇంటికొచ్చాక తోటల్లో పెంచే ఊదారంగు రకం విత్తనాలు తెప్పించుకున్నాను. తడి ఇసుకలో కలిపి నెలరోజులు ఫ్రిజ్‌లో ఉంచి కార్తీకంలో చల్లితే ఆరు మొక్కలు లేచాయి. వానాకాలంలో మూడు కుళ్లిపోయాయి, ఎండాకాలంలో రెండు పోయాయి. మిగిలిన ఒక్కటి రెండో ఏడు మాఘంలో రెండు పూలు పూసింది. చలికి నిద్రపోయి వసంతానికి లేచే జాతి అది. మన ఉక్కపోతలో దానికి నిద్రపట్టదు. అందుకే ఈసారి కార్తీకంలో మా వారినీ, మా చెల్లినీ బయల్దేరదీశాను. మొక్క ఎక్కడైనా దొరుకుతుందేమో అడుగుదాం, దొరక్కపోతే మన గట్ల మీద దాని చుట్టాల్ని చూసొద్దాం అన్నాను.

విజయనగరంలో దిగిన లాడ్జి బస్సుల కాంప్లెక్స్‌కి దగ్గర, మెచ్చుకోడానికి అదొక్కటే. వేడినీళ్లు ఎప్పుడంటే అప్పుడొస్తాయని ఫోన్‌లో చెప్పారు. తీరా చూస్తే ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకానే. రాత్రి గది మార్చమంటే మార్చలేదు. డబ్బు కట్టే ముందే గది చూసి, కుళాయి తిప్పి చూడండి.

ఊరి బయట ఒక నర్సరీలో ఎకినేషియా ఉందా అంటే "ఉంది మేడం" అని నూట ఎనభైకి ఒక కుండీ చేతిలో పెట్టాడు. అది గైలార్డియా. గుర్తుపట్టడం కష్టం కాదు: గైలార్డియా రేకు చివర మూడు పళ్లుగా చీలి ఉంటుంది, రంగు ఎరుపులోంచి పసుపులోకి మారుతుంది, మధ్యభాగం నూగుగా మెత్తగా ఉంటుంది. ఎకినేషియా బుడిపె చేతికి గుచ్చుకుంటుంది, ముళ్ల కొసలు నారింజరంగులో మెరుస్తాయి. నిజానికి గైలార్డియా మన ఎండకు ఎంతో బాగా నిలుస్తుంది, అదీ అమెరికా మొక్కే. సొంత పేరుతో, సొంత ధరకు అమ్మితే నాలుగు తెచ్చుకునేదాన్ని. తప్పు పేరుతో అమ్మితే కొన్నవాళ్లు నీళ్లూ నీడా తప్పుగా ఇచ్చి మొక్కను చంపుకుంటారు. ఆ కోపం నాకింకా పోలేదు.

రెండోరోజు కారు మాట్లాడుకుని తాటిపూడి, పుణ్యగిరి. తాటిపూడి జలాశయం గోస్తనీ మీద కట్టినది, చుట్టూ కొండలు. పొద్దున్నే వెళ్తే నిశ్శబ్దంగా ఉంటుంది. తినడానికి ఏమీ దొరకదనుకునే వెళ్లండి. శృంగవరపుకోట దగ్గర పుణ్యగిరికి మాత్రం కార్తీకంలో, అదీ ఆదివారం, వెళ్లకండి. వనభోజనాల ప్లేట్లు వాగులోకి కొట్టుకొస్తున్నాయి. మామూలురోజు పొద్దున్నే వెళ్తే చల్లటి రాతినేల, చెట్ల నీడ, ఉమాకోటేశ్వరుడి గుడి, ఎంతో హాయి.

మూడోరోజు కోసమే ఈ ప్రయాణం అనిపించింది. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో బస. పెద్ద హంగు లేదు గాని దుప్పట్లు ఉతికినవి, ముసలాయన ఒకరు పొద్దున్నే తలుపు తట్టి వేడివేడి చోడిజావ (రాగిజావ) ఇచ్చి వెళ్లారు. అలాంటి చోటికి మళ్లీ వెళ్తాను.

అక్కడినుంచి ఆటోలో శాలిహుండం. వంశధార ఒడ్డున కొండ మీద ఇటుకల స్తూపాలు. 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ చోటును వెలుగులోకి తెచ్చారు. మెట్లెక్కుతుంటే ఇటుకల సందుల్లోంచి గడ్డిచామంతి. పసుపు బుడిపె, చుట్టూ నాలుగైదు తెల్లని రేకులు, చూడ్డానికి గోరంత. అది కూడా బంతి, చామంతి, ఎకినేషియాల కుటుంబమే. ఎకినేషియాలాగే అమెరికా ఖండాల నుంచే వచ్చింది, ఇక్కడ ఎవరూ నాటకుండానే ఊరంతా నిండిపోయింది. నా కుండీలోది బతకడానికి అంత ఆయాసపడితే ఇది రెండువేల ఏళ్ల ఇటుక మీద పూస్తోంది! మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూశాను.

మేకలు తోలుకొస్తున్న పెద్దావిడ ఆగింది.

"ఏటమ్మా, పడిపోనావేటి?"

"లేదమ్మా, పువ్వు చూస్తున్నాను."

"గాయపాకే కదా అది. మా గుంటలకి దెబ్బ తగిల్తే పసరు పిండుతాం," అని ఒక రెమ్మ తుంచి నా అరచేతిలో పెట్టింది.

ప్రెయిరీ మొక్క వేర్లను కూడా అక్కడి తెగలవాళ్లు గాయాలకు వాడేవారని ఆమెకు చెప్పాను. "అక్కడా మాలాటోళ్లే ఉన్నారన్నమాట," అంది.

శాలిహుండానికి మధ్యాహ్నం వెళ్లొద్దు. కొండ మీద ఎండ నేరుగా తగులుతుంది, నీళ్లు మీవే తీసుకెళ్లాలి. ఆటోవాడితో రానుపోను, అక్కడ ఆగే సేపు కలిపి ముందే మాట్లాడుకోండి. కళింగపట్నం కూడా కలుపుకుంటే ఇంకా మేలు, అక్కడే వంశధార సముద్రంలో కలుస్తుంది. సాయంత్రం దీపస్తంభం దగ్గర గాలి బాగుంది. ఇసుకలో చుట్టూ వెతికాను, గడ్డిచామంతి అక్కడ కూడా రెండు పూసింది. మా వారు ఆటోలోంచి పిలుస్తూనే ఉన్నారు.