స్టెయిన్‌లెస్ ఫ్రెట్లు: కోనసీమ తేమలో ఏళ్ల తరబడి వాడాక

అకూస్టిక్ గిటార్లు కట్టేవాళ్లలో చాలామంది స్టెయిన్‌లెస్ స్టీల్ ఫ్రెట్ వైర్ (గిటార్ మెడ మీద అడ్డంగా బిగించే లోహపు మెట్ల వైరు) అనగానే వెనకాడతారు. ఆకురాళ్లు పాడవుతాయని, నాదం కరుకుగా వస్తుందని భయం. అమలాపురంలో నేను కట్టిన గిటార్లకు స్టెయిన్‌లెస్, మామూలు నికెల్ సిల్వర్ రెండు రకాలూ వేసి ఏళ్ల తరబడి చూశాను. స్టీలు తీగల గిటారైతే మా ప్రాంతానికి స్టెయిన్‌లెస్సే సరైనదని నా గట్టి అభిప్రాయం.

మామూలుగా వాడే నికెల్ సిల్వర్ వైరు రాగి, నికెల్, జింకు కలిసిన లోహం. ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ, దానికి చేతి చెమట తోడవుతుంది. వానాకాలంలో కొన్నాళ్లు పెట్టెలో ఉంచి తీస్తే ఫ్రెట్లు నల్లబడి, అంచుల్లో పచ్చగా చిలుము కనిపిస్తుంది. చిలుము తుడిస్తే పోతుంది, అరుగుదల పోదు. మా వైపు గిటార్లు ఎక్కువగా చర్చిల్లో మోగుతాయి. వారం వారం అవే జి, సి, డి కార్డులు (కలిపి మోగించే స్వరాలు), పైన కాపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టే బిగింపు). సన్న తీగల కింద మొదటి మూడు ఫ్రెట్లకు గుంటలు పడతాయి, తీగ జిర్రుమంటుంది. స్టెయిన్‌లెస్ వేసిన గిటార్లో అదే చోట గోటితో తడిమినా గీత తగలదు. ఇక నాదం సంగతి: తీగలు కాస్త పాతబడ్డాక నా చెవికి తేడా వినపడలేదు.

కష్టమంతా బిగించడంలోనే ఉంది. ఈ వైరు వంచినా స్ప్రింగులా మళ్లీ కొంత తిన్నబడుతుంది. ఫ్రెట్‌బోర్డ్ (ఫ్రెట్లు దిగే మెడ మీది చెక్క) వంపు 16 అంగుళాల రేడియస్ అయితే వైరును 12 అంగుళాల దాకా వంచుతాను. ఫ్రెట్ దిగే గాడిలో రంపపు పొట్టు లేకుండా గీకి, గాడి అంచుల్ని ముక్కోణపు ఆకురాయితో ఒక్కసారి తాకిస్తాను. రేపు ఫ్రెట్ పీకాల్సి వస్తే చెక్క పెచ్చులు లేవదు. ఇత్తడి సుత్తితో ముందు రెండు కొసలు, తర్వాత మధ్యలో కొట్టాలి. మధ్య భాగం దిగేకొద్దీ వైరు పక్కలకు సాగి, దాని అడుగు భాగంలోని పళ్లు చెక్కను పట్టుకుంటాయి. మొదట డొల్లగా వచ్చే చప్పుడు, ఫ్రెట్ అడుగంటా కూర్చోగానే గట్టిగా మారుతుంది. ఆ మార్పు వినేదాకా పక్క ఫ్రెట్‌కు వెళ్లను.

వీణకైతే మెట్లు మైనం మీద నిలుస్తాయి, తేడా వస్తే మైనం కరిగించి సర్దుకోవచ్చు. గిటార్‌కు ఆ వీలు లేదు. ఎత్తుగా ఉన్నదాన్ని రుద్ది తగ్గించాల్సిందే, స్టెయిన్‌లెస్‌ను రుద్దడం భుజాలు నొప్పెట్టే పని. అందుకే ఫ్రెట్లు వేయకముందే బోర్డును తిన్నగా చేయడానికి ఎక్కువ సమయం పెట్టండి. చెక్క మీద పది నిమిషాల్లో అయ్యేది లోహం మీద గంట తింటుంది.

లెవెలింగ్‌కు, అంటే ఫ్రెట్లన్నీ ఒకే ఎత్తుకు తేవడానికి, తీగలు తీసి, ట్రస్ రాడ్‌తో (మెడ లోపల ఉండే సర్దుబాటు కడ్డీ) మెడను తిన్నగా తెస్తాను. ఫ్రెట్ల తలల మీద మార్కర్ పూసి, 400 నంబరు గరుకు కాగితం అంటించిన అల్యూమినియం బద్దతో రుద్దుతాను. ప్రతి ఫ్రెట్ మీదా మార్కర్ చెరగగానే ఆపేయాలి. మూడేసి ఫ్రెట్ల మీద చిన్న స్కేలు పెట్టి చూస్తే, మధ్యది ఎత్తుగా ఉంటే స్కేలు ఊగుతుంది. తలలు మళ్లీ గుండ్రంగా తేవడానికి డైమండ్ ఫైల్ కొనుక్కోండి. మామూలు ఆకురాయి పళ్లు త్వరగా మొద్దుబారతాయి.

కాలం కూడా చూసుకోవాలి. తేమ పట్టిన చెక్క అడ్డంగా ఉబ్బుతుంది. వానల్లో కొసలు సాపు చేసి పంపిన గిటార్ హైదరాబాద్‌లో ఏసీ గదికి చేరిందంటే బోర్డు కుంచించుకుపోతుంది, ఫ్రెట్ కొసలు అరచేతికి గుచ్చుకుంటాయి. అందుకే తేమ మీటరు 50 శాతం దగ్గర నిలిచిన గదిలో గిటార్‌ను కొన్ని రోజులు ఉంచాకే కొసల పని మొదలుపెడతాను.

నైలాన్ తీగల గిటార్లకు మాత్రం ఇప్పటికీ నికెల్ సిల్వరే వేస్తున్నాను. ఆ తీగలు ఫ్రెట్‌ను అంతగా తినవు, వైరు ఖర్చూ తగ్గుతుంది, చిలుము పడితే సన్న ఉక్కు పీచుతో తుడిస్తే సరిపోతుంది.