గ్రేహౌండ్ పాదంలో ఆనెకాయ: ఏది పనికొచ్చింది, ఏది డబ్బు దండగ

మా లచ్చి ఆడ గ్రేహౌండ్. పంజాబ్ పల్లెల్లో పందేలకు పెంచే కుక్కల సంతతి. మేముండేది విజయవాడ పటమటలో, అపార్ట్‌మెంట్‌లో. కింద సెల్లార్ సిమెంటు, బయట సిమెంటు రోడ్డు. ఇది ముఖ్యం, ఎందుకో చెప్తాను.

కుడి ముందుకాలు ఎత్తెత్తి నడవడం మొదలుపెడితే ఒక క్లినిక్‌లో భుజం బెణికిందన్నారు. నొప్పి మాత్రలు వాడినన్నాళ్లు కాస్త నయం, ఆపితే మళ్లీ మామూలే. పాదం మాత్రం ఎవరూ పట్టి చూడలేదు. తర్వాత చూపించిన డాక్టరుగారు తడిదూదితో పాదం కింది మెత్తటి దిండు, అదే ప్యాడ్, తుడిచి టార్చి వేశారు. నడిమి వేలి ప్యాడ్‌లో బూడిదరంగు గుండ్రటి మచ్చ, ఐదారు మిల్లీమీటర్లుంటుంది. పైనుంచి నొక్కితే ఊరుకుంది. రెండు పక్కల నుంచి పట్టి నొక్కేసరికి కాలు లాగేసుకుని అరిచింది. అదే ఆనెకాయ. మనకొచ్చేది కాలి చర్మం మీద కనబడుతుంది గానీ దీనికి ప్యాడ్ లోపలికి దిగిపోయి, అడుగేసినప్పుడల్లా చెప్పులో రాయి పడ్డట్టు గుచ్చుకుంటుంది.

గ్రేహౌండ్లకే ఇది ఎక్కువ. ఎక్కువగా ముందుకాళ్లలో, అదీ బరువంతా మోసే నడిమి రెండు వేళ్లకు వస్తుంది. ఎందుకొస్తుందన్న దాని మీద డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. ఒత్తిడి అంటారు, పాత గాయం మచ్చ అంటారు, వైరస్ అని కూడా అంటారు. గుర్తుపట్టడం తేలికే: మట్టిలో, గడ్డిలో బాగానే పరిగెత్తుతుంది, గట్టి నేల తగలగానే కుంటుతుంది. మెత్తటి నేల మీద కూడా కుంటుతుంటే మాత్రం ఎక్స్‌రే తీయించాల్సిందే. ఈ జాతికి ఎముక క్యాన్సర్ ముప్పు ఎక్కువ. మనకు గన్నవరంలో పశువైద్య కళాశాలే ఉంది, దూరమన్న సాకు లేదు.

ఇక వాడినవాటి సంగతి. మనుషుల ఆనెలకు మెడికల్ షాపులో అమ్మే కార్న్ క్యాప్ అడక్కండి. అందులో 40 శాతం సాలిసిలిక్ ఆసిడ్ ఉంటుంది. చుట్టూ ఉన్న మంచి చర్మాన్నీ కాలుస్తుంది, పైగా కుక్క నాకకుండా ఉండదు. మాకు పరిచయమున్న ఒకాయన వాళ్ల కుక్కకు అంటించి ప్యాడ్ పుండు చేశాడు. అందుకే నేను ముట్టుకోలేదు. పైపులకు చుట్టే సిల్వర్ టేప్ (డక్ట్ టేప్) చిన్న ముక్క గడ్డ మీద అంటించే చిట్కా కూడా ఉంది. మన ఉక్కపోతకు సాయంత్రానికల్లా ఊడి దాని నోట్లో ఉంటుంది. మా పిన్ని చెప్పిందని కొబ్బరినూనె రాశాం. ప్యాడ్ మెత్తబడింది, నిజమే. కానీ గ్రానైట్ నేల మీద ఆ పొడుగు కాళ్లు నాలుగూ నాలుగు దిక్కులకు జారాయి. ఇప్పుడు రాత్రి పడుకున్నాక రాసి, బేబీ సాక్సు తొడుగుతాను.

నిజంగా పనిచేసింది గడ్డ తీయించడం. గోరువెచ్చటి నీళ్లలో పాదం నానబెట్టి, తుడిచి, మొద్దు అంచున్న చిన్న పరికరంతో గడ్డ చుట్టూ మెల్లగా వదులు చేస్తూ పోతారు. ఉన్నట్టుండి మొత్తం గడ్డ ఒక్కసారిగా పైకి లేస్తుంది. చచ్చిన చర్మమే కనుక, చేయి తిరిగినవాళ్లు చేస్తే నెత్తురు రాదు, మత్తు అక్కర్లేదు. మొదటిసారి తీసినప్పుడు లచ్చి బల్ల దిగి కాలు పూర్తిగా ఆనించి నడిచింది. బిల్లు కట్టడం కూడా మర్చిపోయి చూస్తూ నిలబడ్డాను. అయితే కొన్ని వారాలకు మళ్లీ పెరుగుతుంది. డాక్టరుగారు ముందే చెప్పారు, "ఇది పోదమ్మా, తీసుకుంటూ పోవాలి" అని. ఇంట్లో బ్లేడు పట్టుకుని ప్రయోగాలు వద్దు. లోతుగా తెగితే ఆ మచ్చతో కొత్త తలనొప్పి.

ఆపరేషన్ల గురించీ అడిగాను. గడ్డ కోసి తీసేసినా చాలాసార్లు అక్కడే తిరిగి వస్తుంది. వేలే తీసేస్తే బరువు పక్క వేలి మీద పడి అక్కడ మొదలయ్యే ప్రమాదం ఉంది. ఇంగ్లండ్‌లో మైక్ గిలియార్డ్ అనే సర్జన్ ఈ ఆనెకాయల మీద చాలా పనిచేశారు. ఆయన పద్ధతిలో వేలిని వంచే ఒక టెండన్‌ను, అంటే కండను ఎముకకు కలిపే తాడులాంటి దాన్ని, తెంచితే వేలు కాస్త చదునై, ప్యాడ్ మీద ఒత్తిడి తగ్గుతుంది. నాకు నమ్మకం కలిగింది దీని మీదే, ఎందుకంటే గడ్డను కాకుండా ఒత్తిడిని సరిచేస్తుంది. లచ్చికి చేయించలేదు. గ్రేహౌండ్లకు ఒంట్లో కొవ్వు తక్కువ, కొన్ని మత్తుమందులు వీటికి ఆలస్యంగా దిగుతాయి. ఆ జాతికి మత్తు ఇచ్చిన అనుభవం ఉన్నవాళ్లు దొరికితే అప్పుడు ఆలోచిస్తాను.

ఈలోగా రోజూ నిలబెట్టేవి బూట్లు. మొదట కొన్నవి గట్టి రబ్బరు అడుగువి, అవి దండగ. రాయి మీద ఇంకో రాయి పెట్టినట్టే అయింది. లోపల మందపాటి స్పాంజి ఉన్నవి తెచ్చాక రోడ్డు మీద కుంటడం దాదాపు పోయింది. సైజు బరువును బట్టి చూసుకోకండి, గ్రేహౌండ్ పాదం సన్నగా పొడుగ్గా ఉంటుంది. కాగితం మీద నిలబెట్టి గీత గీసి కొలవండి. మొదటి వారం కొంగలా కాళ్లెత్తి నడిస్తే వాచ్‌మన్ పిల్లలు వెంటపడి నవ్వారు. రోహిణి కార్తెలో "నువ్వు వట్టికాళ్లతో నడుస్తావా ఈ రోడ్డు మీద?" అని మా అమ్మే ఇప్పుడు బూట్లు తొడుగుతుంది.

కుక్కకు చెమట పట్టేది పాదాల్లోనే. ఇంటికి రాగానే విప్పేసి వేళ్ల మధ్య పొడిగా తుడవాలి. వానాకాలంలో ఈ ఒక్క పనికి బద్ధకిస్తే ఫంగస్ పట్టుకుంటుంది. ఆదివారాలు సీతానగరం వైపు కృష్ణ ఇసుకలో వదిలితే బూటే అక్కర్లేదు.

బూట్లు నాలుగు కలిపే అమ్ముతారు. మాకు కావాల్సింది ఒక్కటే గానీ, కుడి ఎడమ తేడా లేని రకం తీసుకుంటే మిగతా మూడూ ఉతుకుడు మార్పుకు పనికొస్తాయి. ముందు అరిగేది వెల్క్రో పట్టీ. పాత బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ఆయన కొత్త పట్టీ వేసిస్తాడు, కొత్త సెట్టు కొనక్కర్లేదు.