పిలిస్తే రాని ట్రికోతో ఏడేళ్లు

“ఏందిరా, ఆ పిల్లోడు ఇందాకట్నుంచి ఎవుర్ని పిలస్తా ఉండాడు?” వంటింట్లోంచి అమ్మ అడిగింది. పక్షిని అన్నాను. చేతులు తుడుచుకుంటూ వచ్చి టీవీ చూసింది. “ఇది పక్షి యాడుంది? కుక్క కదా” అంది. అది గోడ మీదికి దూకేసరికి “కాదు, పిల్లి” అనేసి మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

మూడూ నిజమే. ‘ది లాస్ట్ గార్డియన్’ అనే వీడియో గేమ్‌లో ట్రికో అనే ఆ జంతువుకు ఒళ్లంతా ఈకలు, ముఖం కుక్కపిల్లది, దూకే తీరు పిల్లిది. జపాన్ భాషలో ఆ పేరును పక్షిపిల్ల అనీ, బందీ అనీ రెండు రకాలుగా అర్థం చేసుకోవచ్చట. దానితో పాటు పేరు లేని ఒక పిల్లవాడు. ఇద్దరూ పాడుబడ్డ కోటల మధ్య ఇరుక్కుపోయి ఉంటారు, అక్కణ్ణుంచి బయటపడాలి. మనం నడిపేది పిల్లవాణ్ణి మాత్రమే. ట్రికోను పిలవొచ్చు, అటు వెళ్లమని చెయ్యి చూపించొచ్చు, అంతవరకే. వెళ్లడం, వెళ్లకపోవడం దాని ఇష్టం.

గొడవంతా ఈ ‘దాని ఇష్టం’ దగ్గరే వచ్చింది.

గేమ్ వెనక కథ కొంచెం చెప్పాలి. దీన్ని తయారు చేయించింది ఫుమితో ఉయెదా. 2001లో ‘ఐకో’, 2005లో ‘షాడో ఆఫ్ ది కొలాసస్’ చేసిన ఆయనే. 2007లో పని మొదలైంది, 2009లో సోనీ కంపెనీ గేమ్ యంత్రం ప్లేస్టేషన్ 3 కోసం ప్రకటించారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి అతీగతీ లేదు. మధ్యలో ఉయెదా సోనీ ఉద్యోగం వదిలి, బయట నుంచే పని కొనసాగించాడు. 2015లో ప్లేస్టేషన్ 4 గేమ్‌గా మళ్లీ చూపించారు. 2016 అక్టోబరులో విడుదల అన్నారు, అదీ వాయిదా పడి డిసెంబరుకు వచ్చింది. అన్నేళ్లు కాచుకుని కూర్చున్న వాళ్లకు ఏ గేమ్ ఇచ్చినా తక్కువే అనిపిస్తుంది కదా.

విమర్శకుల మార్కులన్నీ కలిపి సగటు కట్టే మెటాక్రిటిక్ సైటులో 100కి 82 దగ్గర నిలిచాయి. గేముల మీద సమీక్షలు రాసే సైట్లలో గేమ్‌స్పాట్ 10కి 9 ఇచ్చింది, ఐజీఎన్ 7 ఇచ్చింది. తమాషా ఏమంటే, ఎక్కువ ఇచ్చినవాళ్లూ తక్కువ ఇచ్చినవాళ్లూ దాదాపు ఒకే మాట రాశారు. ట్రికో లాంటి ప్రాణి ఇంతకు ముందు గేముల్లో లేదన్నారు. కెమెరా, కంట్రోల్స్ మాత్రం తలనొప్పి అన్నారు. ఆ తలనొప్పికి ఎన్ని మార్కులు కోయాలన్న దగ్గరే తేడా వచ్చింది.

నేను డిస్క్ కొన్నది 2018 ఎండాకాలంలో, తిరుపతిలో ఒక సెకండ్ హ్యాండ్ షాపులో, 900 రూపాయలకు. మొదటి వారం నన్నడిగి ఉంటే 5 మార్కులు ఇచ్చేవాణ్ణి. మొదట్లోనే ఒక నీళ్ల మడుగు వస్తుంది. ట్రికో అందులో దిగాలి. దానికి నీళ్లంటే బెదురు. గట్టు మీద నిలబడి తల వంచి చూస్తుంది, కాలు పెట్టబోయి వెనక్కి తీస్తుంది. నేను పిలిచాను, మళ్లీ పిలిచాను, నలభై నిమిషాలు బటన్ నొక్కుతూనే ఉన్నాను. మే నెల, పైన ఫ్యాన్ వేడి గాలి కొడుతోంది. అంతలో కరెంటు పోయింది. మా ఇన్వర్టర్ మీద ఫ్యాను, లైటు తప్ప ఏమీ నడవవు. కంట్రోలర్ మంచం మీద పడేసి, డిస్క్ తీసి బీరువా మీద పెట్టేశాను.

ఆ ఏడాది దసరాకు పాకాల దగ్గర మా తాతగారి ఊరికి వెళ్లాను. తాత సంతలో కొత్త ఆవును కొన్నాడు. కొట్టంలోకి పోవాలంటే చిన్న కాలువ మీద వేసిన బండ దాటాలి. ఆవు బండ దాకా వచ్చి ఆగిపోయింది. నేను పగ్గం పట్టుకుని లాగబోతే తాత కసురుకున్నాడు. “ఉండ్రా నాయనా, దాని పాటికి దాన్ని చూసుకోనీ.” అవతలి గట్టున తవుడు గంప పెట్టి, పక్కన గొంతుకు కూర్చుని బీడీ వెలిగించాడు. ఒక్క మాట మాట్లాడలేదు. ఆవు బండను వాసన చూసింది, కాలు పెట్టింది, తీసింది, చెవులు ఆడించింది. అరగంట. చివరికి అసలేమీ కానట్టు దాటేసి గంపలో మూతి పెట్టింది. అప్పుడు తాత లేచి దాని గంగడోలు నిమిరాడు.

తిరుపతికి వచ్చి, అదే రాత్రి బీరువా మీది డిస్క్ దించాను.

ఈసారి ట్రికోకు మేతగా గేమ్‌లో దొరికే పీపాను తెచ్చి నీళ్లలోకి విసిరి ఊరుకున్నాను. అది చూసింది, కాసేపు తటపటాయించి ఒక్కసారిగా దూకింది. ఆ నీళ్లు చిందిన చిందుడుకు పిల్లవాడు ఎటు కొట్టుకుపోయాడో వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడూ నేను రెండుసార్లు వెంటవెంటనే పిలవలేదు. ఒకసారి పిలవాలి, ఎటు వెళ్లాలో చూపించాలి, నోరు మూసుకుని దాని తల ఎటు తిరుగుతుందో చూడాలి. అరుస్తూ ఉంటే అది ఆలోచించుకునేది కూడా చెదిరిపోతుందని నా అనుభవం.

దగ్గర నుంచి చూడాల్సినవి చాలా ఉన్నాయి ఈ గేమ్‌లో. మొదట్లో పీపా దాని ముందు పెట్టి మనం అక్కడే నిలబడితే తినదు. నాలుగడుగులు వెనక్కి జరిగితే, మనల్నే చూస్తూ మెల్లగా మూతి చాపుతుంది. కోటలో ప్రాణమొచ్చి మీదికొచ్చే కవచాల విగ్రహాలతో గొడవ అయిపోయాక దాని కోపం వెంటనే దిగదు. ఒంట్లో ఈటెలు గుచ్చుకుని ఉంటాయి. పిల్లవాడు ఈకలు పట్టుకుని పైకి పాకి, ఒక్కొక్కటీ పట్టి లాగాలి. తర్వాత మెడ మీద నిమరాలి. నిమరకుండా పని చెప్పి చూశాను, వినలేదు. నిమిరితే ఒక గురగుర లాంటి శబ్దం చేసి, ఒళ్లు విదుల్చుకుని, తర్వాత కదిలింది.

అంత పెద్ద జంతువు గాజు మీద వేసిన కన్ను బొమ్మ చూస్తే మాత్రం వణికిపోతుంది. మా పాప మొదటిసారి చూసి, “నాన్నా, అంత పెద్దదానికి గాజంటే భయమేంటి?” అంది. తాత ఆవు సంగతి చెప్పాను. బండ అంటే ఆవుకు ఎందుకు భయమని మళ్లీ అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

పాప ఆడే పద్ధతి వేరు. 2022లో, దానికి ఎనిమిదేళ్లప్పుడు కంట్రోలర్ చేతికిచ్చాను. ముందుకు పోవాలన్న తొందర అసలు లేదు. ట్రికో ముందు కాలి దగ్గర కూర్చుని పావుగంట నిమురుతుంది. విగ్రహాలు వచ్చి పిల్లవాణ్ణి ఎత్తుకుపోతుంటే మాత్రం కంట్రోలర్ నా ఒళ్లో పడేస్తుంది. స్క్రీన్ నిండా వింత అక్షరాలు ముసురుకుంటాయి, విడిపించుకోవడానికి అన్ని బటన్లూ టపటపా నొక్కాలి. ఆ టెన్షన్ నాకూ పడదు. పాప ట్రికోకు బుజ్జమ్మ అని పేరు పెట్టుకుంది.

ఇప్పుడు తిట్టాల్సినవి. ఈ గేమ్‌ను నెత్తిన పెట్టుకునేవాళ్లు కెమెరా గురించి అడిగినా “అది జంతువు, మాట వినదు, అదే అందం” అని వాదిస్తారు. కెమెరా జంతువు కాదు కదా. ఇరుకు గదిలో ట్రికో వీపు మీద ఉంటే తెర నిండా ఈకలే కనిపిస్తాయి, ఒక్కోసారి మొత్తం నల్లబడిపోతుంది. దిగాలని నొక్కితే పిల్లవాడు పొట్ట కిందికి పాకి అక్కడే వేలాడతాడు. ట్రయాంగిల్‌తో దూకడం, ఎక్స్‌తో దిగడం వేరే గేములకు అలవాటైన వేళ్లకు ఒక పట్టాన ఎక్కదు. ఏ బటన్ ఏమిటో చెప్పే గుర్తులు చివరి దాకా తెర మీద వస్తూనే ఉంటాయి. ఆపేద్దామంటే సెట్టింగ్స్‌లో ఆ వీలు లేదు. ప్లేస్టేషన్ 4లో ఆరుబయట చోట్ల బొమ్మ తడబడుతుంది కూడా. 7 ఇచ్చినవాళ్లు ఇవన్నీ రాశారు, అందులో అబద్ధం లేదు. కాకపోతే ట్రికో ఆలస్యాన్ని కూడా వాళ్లలో కొందరు ఇదే ఖాతాలో వేశారు. పన్నెండు, పదిహేను గంటల గేమ్‌ను గడువులోపు ముగించి రాయాల్సినవాళ్లకు గట్టు మీద బీడీ వెలిగించే తీరిక ఎక్కడిది?

అయితే ట్రికో ఆగిన ప్రతిసారీ అది ఆలోచిస్తోందని కూడా కాదు. నిజంగానే ఇరుక్కుపోయిన సందర్భాలున్నాయి. ఏడేళ్లలో నాకు పట్టుబడిన గుర్తు ఒకటి చెబుతాను. అది మనవైపో, వెళ్లాల్సిన వైపో చూస్తుంటే ఆగండి, వస్తుంది. ఒకే గోడకు తల ఆనించి ఒకే కదలిక మళ్లీ మళ్లీ చేస్తుంటే అది గేమ్ తప్పు, చివరి సేవ్ దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

కొనేవాళ్లకు ఒక సంగతి. డిజిటల్ కాకుండా డిస్క్ కొనండి. చిత్తూరులో మా బామ్మర్ది దగ్గర ప్లేస్టేషన్ 5 ఉంటే, నెట్ తీసేసి, అప్‌డేట్ పడకుండా నా డిస్క్ నుంచే ఎక్కించి చూశాం. సెకనుకు 60 ఫ్రేములతో, అంటే సెకనుకు 60 బొమ్మలు మారుతూ సాఫీగా నడిచింది. అప్‌డేట్ వేశామా, మళ్లీ 30 దగ్గర కట్టేస్తుంది. 60లో ట్రికో ఈకలు గాలికి కదిలే తీరు చూసి బామ్మర్ది కాసేపు ఆట మానేసి ఊరికే చూస్తూ కూర్చున్నాడు. కెమెరా మాత్రం అక్కడా అదే కెమెరా.

ముగింపు చెప్పను. నేను మూడుసార్లు పూర్తి చేశాను, మూడోసారి పాప నిద్రపోయాక. దాని సేవ్ మాత్రం చివరి భాగానికి కాస్త ముందే ఏడాదిన్నరగా ఆగి ఉంది. పోదామా అంటే వద్దంటుంది. ఆదివారం మధ్యాహ్నం ఎప్పుడైనా గేమ్ పెట్టి, బుజ్జమ్మ మెడ మీదికి ఎక్కి కాసేపు నిమిరి, టీవీ ఆపేసి ఆడుకోవడానికి వెళ్లిపోతుంది.