బ్లెండర్‌లో పైథాన్‌తో వస్తువుల వంశక్రమం: ఒక సమీక్ష

త్రీడీ చిత్రాలు, యానిమేషన్ తయారుచేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో ఒక వస్తువును మరొకదానికి పిల్లగా చేయడానికి, అంటే తల్లి కదిలితే తానూ కదిలేలా కట్టడానికి, రెండు దారులున్నాయి. చేత్తో పనిచేసేవారు రెండింటినీ ఎంచుకొని కంట్రోల్, పి మీటలు కలిపి నొక్కుతారు. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో స్క్రిప్టు రాసేవారు పిల్ల వస్తువులోని పేరెంట్ అనే లక్షణానికి తల్లి వస్తువును కేటాయిస్తారు, అది ఒక్క వరుస. రెండింటి ఫలితం ఒకటేనని ఎవరైనా అనుకుంటారు, కానీ కాదు. మిగతా విషయాలలో ఎంతో చక్కగా అమరిన ఈ పైథాన్ ఇంటర్‌ఫేస్‌లో కొత్తవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే కాబట్టి, ఈ సమీక్షలో పెద్ద భాగం ఆ తేడాకే కేటాయించాను.

2002లో జీపీఎల్ లైసెన్సు కింద స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా మారిన బ్లెండర్‌కు, నేటి రూపంలోని పైథాన్ ఇంటర్‌ఫేస్ 2.5 శ్రేణితో వచ్చింది. 2019 జులైలో విడుదలైన 2.80లో వస్తువులను గుంపులుగా ఉంచే లేయర్ల స్థానంలో కలెక్షన్లు వచ్చాయి, మాత్రికల (వస్తువు స్థానం, భ్రమణం, స్కేలులను కలిపి చెప్పే అంకెల పట్టికల) గుణకారానికి నక్షత్రం గుర్తు పోయి @ గుర్తు వచ్చింది. అంతకు ముందటి పాఠాలను చూసి స్క్రిప్టు రాసేవారు ఈ రెండు మార్పులను గుర్తుంచుకుంటే చాలు, సగం పొరపాట్లు వాటంతట అవే తగ్గుతాయి.

ఇక అసలు విషయం. ఒక బండిని తీసుకుందాం. బండి పెట్టె ఎక్స్ అక్షం మీద 5 దగ్గర, చక్రం 7 దగ్గర ఉన్నాయి. చక్రానికి పెట్టెను పేరెంట్‌గా స్క్రిప్టులో కేటాయించగానే చక్రం 12 దగ్గరకు దూకుతుంది. పెట్టెకు ముందే 2 రెట్లు స్కేలు ఇచ్చి ఉంటే అది ఏకంగా 19 దగ్గర తేలుతుంది. చక్రం స్థానంగా రాసి ఉన్న 7 అనే అంకె మారలేదు. ఇంతవరకు లోకం మూలబిందువు నుంచి కొలిచిన ఆ 7ను ఇకమీదట పెట్టె నుంచి, పెట్టె స్కేలుతో కొలుస్తారు, అంతే. మీటలు నొక్కి చేసినప్పుడు ఈ గెంతు కనిపించదు. ఆ ఆదేశం పెట్టె లోకమాత్రికకు (లోకం మూలబిందువు నుంచి కొలిచిన మాత్రికకు) విలోమం, అంటే దాని ప్రభావాన్ని రద్దుచేసే మాత్రిక, కట్టి, చక్రంలోనే మ్యాట్రిక్స్ పేరెంట్ ఇన్వర్స్ అనే చోట దాచిపెడుతుంది. పిల్ల వస్తువు లోకమాత్రిక అంటే తల్లి లోకమాత్రిక, ఈ దాచిన విలోమం, పిల్ల సొంత మాత్రిక, ఈ మూడింటి లబ్ధం. పేరెంట్‌ను నేరుగా కేటాయిస్తే ఆ నడిమి మాత్రిక ఏ మార్పూ చేయని ఏకత్వ మాత్రికగా మారిపోతుంది.

నివారణ కూడా ఒక్క వరుసే: తల్లి లోకమాత్రిక విలోమాన్ని పిల్ల మ్యాట్రిక్స్ పేరెంట్ ఇన్వర్స్‌లో మనమే రాయాలి. అయితే వరుసక్రమం ముఖ్యం. పేరెంట్‌ను కేటాయించినప్పుడు పాత విలోమం చెరిగిపోతుంది కాబట్టి, విలోమాన్ని ముందు రాసి పేరెంట్‌ను తరువాత ఇస్తే శ్రమ వృథా. దీనికంటే గడుసైన చిక్కు ఇంకొకటుంది. స్క్రిప్టులో పెట్టె స్థానాన్ని మార్చిన వెంటనే దాని లోకమాత్రికను చదివితే పాత విలువే వస్తుంది, ఎందుకంటే ఏ వస్తువు దేనిమీద ఆధారపడిందో చూసే డిపెండెన్సీ గ్రాఫ్ మళ్లీ లెక్కించేవరకు ఆ మాత్రిక మారదు. ఆ లెక్క జరగడానికి మధ్యలో వ్యూ లేయర్‌ను అప్‌డేట్ చేయమని అడగాలి. ఇదే కోడును కన్సోల్‌లో (ఆదేశాలను టైపు చేసి వెంటనే నడిపే చోట) ఒక్కొక్క వరుసగా నడిపితే ప్రతి వరుస తరువాతా లెక్క దానంతటదే తాజా అవుతుంది, అంతా సరిగ్గానే కనిపిస్తుంది. మొత్తం ఒకేసారి నడిపినప్పుడే చక్రాలు చెల్లాచెదురవుతాయి. కన్సోల్‌లో పరీక్షించాను కాబట్టి సరిపోయిందని అనుకోవడం ఇక్కడ పనికిరాదు.

పోలిక కోసం మరో త్రీడీ సాఫ్ట్‌వేర్ అయిన మాయాను చూడవచ్చు. 2007లో వచ్చిన 8.5 వెర్షన్ నుంచి పైథాన్ ఉన్న ఆ సాఫ్ట్‌వేర్‌లో పేరెంట్ ఆదేశం వస్తువును తెరమీద ఉన్నచోటే ఉంచి స్థానిక విలువలను సవరిస్తుంది. అలా వద్దనుకుంటే రిలెటివ్ అనే ఎంపికను మనమే ఇవ్వాలి. దాచిన విలోమం వంటిదేమీ లేనందువల్ల అక్కడ లెక్క తేలికగా అర్థమవుతుంది. అయితే మాయా సాధారణ పైథాన్ ఆదేశాలు వస్తువులను కాక వాటి పేర్లను అక్షరాల వరుసలుగా (స్ట్రింగ్‌లుగా) తిరిగి ఇస్తాయి. వేర్వేరు తల్లుల కింద ఒకే పేరున్న పిల్లలు ఉండవచ్చు కాబట్టి, నిలువుగీతలతో కూడిన పూర్తి దారి రాయకపోతే ఏ చక్రమో తేలదు; వస్తువును వేరే తల్లి కిందికి మార్చగానే ఆ దారి కూడా చెల్లకుండా పోతుంది. బ్లెండర్‌లో మన చేతికి వచ్చేది వస్తువే, పేరు కాదు. వంశక్రమాన్ని కోడుతో కట్టేవారికి ఇది ఎంత హాయినిస్తుందో రెండింటిలోనూ పనిచేసినవారికి తెలుస్తుంది, నా మొగ్గు బ్లెండర్ వైపు ఉండటానికి ప్రధాన కారణమూ ఇదే. కాకపోతే పేరు ఫైలంతటికీ ఒక్కటే ఉండాలి, ఉన్న పేరే మళ్లీ ఇస్తే చివర .001 చేరుతుంది కాబట్టి, అడిగిన పేరే దక్కిందని నమ్మి తరువాత ఆ పేరుతో వెతకకూడదు. 4వ శ్రేణి వరకు పేరుకు 63 బైట్ల పరిమితి ఉండేది. తెలుగు లిపిలో ఒక్కొక్క సంకేతానికి 3 బైట్లు పడతాయి, గుణింతాలూ విడిగా లెక్కకు వస్తాయి గనుక, తెలుగు పేర్లు పెట్టే సరదా ఉన్నవారికి అది 21 సంకేతాల దగ్గరే ఆగేది.

మీటల పనిని కోడుతో అచ్చంగా చేయించే ఆపరేటర్లు కూడా ఉన్నాయి. ఇన్ఫో ఎడిటర్‌లో చాలా చర్యలకు ఆపరేటర్ పేరు వరుసగా పడుతుంటుంది, నేర్చుకునేవారికి అంతకంటే మంచి బోధకుడు లేడు. కానీ ఆపరేటర్లు ఏది ఎంచుకొని ఉంది, ఏది క్రియాశీలంగా ఉంది అనే సందర్భం మీద ఆధారపడతాయి. ఆ సందర్భాన్ని తాత్కాలికంగా మార్చడానికి 3.2లో టెంప్ ఓవర్‌రైడ్ వచ్చింది, సందర్భాన్ని పైథాన్ నిఘంటువుగా (డిక్షనరీగా) పంపే పాత పద్ధతి 4.0లో తొలగిపోయింది. నాలుగు వస్తువులకైతే ఆపరేటరు సరే. వేల వస్తువులకు నేరుగా డేటాను మార్చడమే మేలు.

వేగం ప్రస్తావన వచ్చింది కాబట్టి చిల్డ్రన్ లక్షణం గురించి చెప్పాలి. బ్లెండర్‌లో పిల్లకు తల్లి తెలుసు, తల్లికి పిల్లలు తెలియరు. పిల్లల జాబితా అడిగిన ప్రతిసారీ ఫైలులోని వస్తువులన్నింటినీ వెతుకుతుందని అధికారిక పత్రాలే చెబుతున్నాయి. 5000 వస్తువులున్న దృశ్యంలో ఒక్కొక్కదానినీ పిల్లలెవరని అడిగితే 2.5 కోట్ల తనిఖీలు అవుతాయి. అందుకు బదులు అన్ని వస్తువులనూ ఒక్కసారి చుట్టివచ్చి, తల్లి ఆధారంగా ఒక నిఘంటువు మనమే తయారు చేసుకుంటే 5000 అడుగులతో పని ముగుస్తుంది. పెద్ద దృశ్యాల మీద నడిచే స్క్రిప్టు నత్తనడక నడుస్తుంటే ముందుగా చూడవలసిన చోట్లలో ఇదొకటి.

వలయాల విషయంలో ఈ ఇంటర్‌ఫేస్ మౌనం నాకు నచ్చలేదు. మనవడిని తాతకు తండ్రిగా చేయబోతే ఆపరేటరు తప్పును ఎత్తి చూపుతుంది. నేరుగా కేటాయిస్తే మాత్రం ఏ హెచ్చరికా లేకుండా పేరెంట్ ఖాళీగా మిగులుతుంది. కేటాయించిన తరువాత ఒకసారి చదివి సరిచూసుకోవడం తప్ప వేరే మార్గం లేదు. తల్లిని తొలగించినప్పుడూ అంతే జాగ్రత్త కావాలి: పిల్లలు మిగులుతాయి, కానీ తల్లి వల్ల పొందిన కదలికను కోల్పోయి తమ సొంత మాత్రిక చెప్పిన చోటుకు పోతాయి. అందుకే తొలగించే ముందు ప్రతి పిల్ల లోకమాత్రికనూ నకలు తీసి ఉంచుకొని, పేరెంట్ తీసేశాక తిరిగి రాయాలి. నకలు అని ప్రత్యేకంగా అనడానికి కారణం, నకలు తీయని మాత్రిక వస్తువుకే అంటిపెట్టుకొని ఉండి దానితో పాటే మారిపోతుంది.

ఈ చికిత్స కూడా ఒక చోట ఓడిపోతుంది. తల్లికి ఒక్క అక్షం మీదే స్కేలు ఇచ్చి, పిల్లను వాలుగా తిప్పితే పిల్ల రూపంలో ఏటవాలు సాగుదల వస్తుంది. స్థానం, భ్రమణం, స్కేలు అనే మూడు పెట్టెలలో దేనిలోనూ ఆ సాగుదల ఇమడదు కాబట్టి, లోకమాత్రికను తిరిగి రాసినా ఆకారం కొంత మారుతుంది. స్కేలును మెష్‌లోకి (వస్తువు ఆకారపు బిందువులలోకి) ముందే కలిపేయడం, లేదా స్కేలు లేని ఎంప్టీని (ఆకారం లేని ఖాళీ వస్తువును) తల్లిగా పెట్టి కనిపించే పెట్టెను కూడా దానికే పిల్లగా చేయడం దీనికి విరుగుడు. బండి ఉదాహరణలో నేనైతే రెండవదే ఎంచుకుంటాను. పెట్టెను ఎంత సాగదీసినా చక్రాలు గుండ్రంగానే ఉంటాయి.